బంతి గుండ్రంగా కనబడాలి

(ఇంట్లో తీసిన వీడియోలని డీవీడీ చేసినప్పుడు టీవీలో బొమ్మ సాగిపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినబడుతోందా? వీలైతే ముందుకి జరగండి. చివర్లో టీవీ తెర మీద స్కేలు పెట్టి కొలిచే పని ఉంది. అంత దూరం నుంచి కనబడదు.

మా అక్క కూతురు మొదటిసారి నడిచిన రోజు కెమెరా నా చేతిలో ఉంది. ఎర్ర బంతి ఒకటి దొర్లించాం. దాని కోసం పాప నాలుగు అడుగులు వేసి కూలబడింది. అంతే, అర నిమిషం ముక్క. వైడ్ మోడ్‌లో తీశాను. టేపులోంచి కంప్యూటర్లోకి ఎక్కించి, డీవీడీ చేసి అక్కకి ఇచ్చాను. నా కంప్యూటర్లో చూసుకున్నప్పుడు అంతా బాగానే ఉంది. అక్క వాళ్ల టీవీలో పెడితే పాప సన్నగా, పొడుగ్గా సాగిపోయింది. బంతి కోడిగుడ్డుని నిలబెట్టినట్టుంది. అక్క కాసేపు చూసి, "ఇది మా పాపలా లేదురా" అంది.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఎందుకంటే అది నిజం. మొహం అంటే ఏమిటండీ? కంటికీ కంటికీ మధ్య ఎంత దూరం, నుదుటి నుంచి గడ్డానికి ఎంత దూరం, ఆ కొలతలే కదా. వెడల్పు పావు వంతు తగ్గిపోతే ఆ మొహం ఇంకెవరిదో అయిపోతుంది. చాలామంది "కొంచెం సాగింది, పర్వాలేదులే" అని సర్దుకుపోతారు. పర్వాలేదు అనుకోకండి. ఇంట్లో వాళ్లని వాళ్లలాగే చూడాలనే కదా మనం తీసింది?

అప్పుడు నేనేం చేశానో చెప్తాను. మీలో చాలామంది అదే చేసి ఉంటారు. బొమ్మకి పైనా కిందా నల్ల పట్టీలు కలిపి, మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేశాను, అంటే వీడియోని డీవీడీకి పనికొచ్చేలా మళ్లీ కుదించి రాయించాను. రాత్రంతా పట్టింది. అక్క వాళ్ల పాత టీవీలో సరిపోయింది. కొన్నేళ్లకి వాళ్లింటికి వెడల్పు టీవీ వచ్చింది. ఆ డిస్క్ పెడితే నాలుగు పక్కలా నలుపు, మధ్యలో చిన్న కిటికీలోంచి చూస్తున్నట్టు పాప. పోనీ టేపులోంచి మళ్లీ తీద్దామంటే ఆ టేపు మీద అప్పటికే వేరేది రికార్డయిపోయింది. ఇక మిగిలింది ఏమిటి? ఆ మొదటి డిస్క్. పాప సాగిపోయి కనబడిన ఆ డిస్క్. అక్క దాన్ని పారేయకుండా దాచింది.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ మొదటి డిస్కులో బొమ్మ పాడవలేదు. అసలేమీ పాడవలేదు. బొమ్మతో పాటు వెళ్లాల్సిన ఒక్క మాట తప్పుగా వెళ్లింది. ఆ మాట దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. రాత్రంతా కూర్చుని నేను చేసిన రెండో డిస్కులోనే బొమ్మ నిజంగా పాడైంది.

ఆ ఒక్క మాట ఏమిటో చూద్దాం. డీవీడీలో ఒక ఫ్రేము అంటే అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 వరసలు. ఇది పాల్ లెక్క, అంటే మన దేశంలో వాడిన టీవీ పద్ధతి. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతి అయితే 720, 480. ఇప్పుడు 720ని 576తో భాగించండి. ఎంతొచ్చింది? 1.25. పాత టీవీ ఆకారం 4:3, అంటే 1.33. వెడల్పు టీవీ 16:9, అంటే 1.78. 1.25 ఈ రెంటిలో దేనికీ సరిపోలేదు, గమనించారా? 480తో భాగిస్తే 1.5 వస్తుంది. అదీ దేనికీ సరిపోదు. అంటే డిస్కులో ఉన్న ఫ్రేము ఎప్పుడూ, మళ్లీ చెప్తున్నాను, ఎప్పుడూ తెర ఆకారంలో ఉండదు. ప్లేయరూ టీవీ కలిసి దాన్ని సాగదీస్తేనే సరైన బొమ్మ అవుతుంది. ఎంత సాగదీయాలో డిస్కే చెప్పాలి. "నన్ను 4:3గా చూపించు" అనో, "16:9గా చూపించు" అనో. దాన్నే ఫ్లాగ్ అంటాం. పాల్‌లో 4:3 అంటే ఆ 720 చుక్కలు 768 చుక్కలంత వెడల్పు అవుతాయి, 16:9 అంటే 1024 అంత. చుక్కలు అవే, వరసలు అవే. వేరే పెద్ద ఫ్రేమంటూ లేదు. వైడ్‌స్క్రీన్ డీవీడీ అనగానే అందులో ఎక్కువ చుక్కలుంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. అవే 720 చుక్కలని ఎక్కువ వెడల్పుగా పరుస్తారు. దీన్నే అనామార్ఫిక్ అంటారు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఆ ఫ్లాగ్ డిస్కులో ఒక్క చోట ఉండదు. రెండు చోట్ల ఉంటుంది. వీడియో ఫైలు లోపల ఒకటి, దాని బయట ఇంకొకటి.

లోపలిది ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను, తెర మీద చూడండి. ఇది వీఓబీ ఫైలు, డీవీడీలో వీడియో ఉండేది ఇందులోనే. హెక్స్ ఎడిటర్‌లో తెరిచాను, అంటే ఫైలు లోపలున్నదంతా పదహారు గుర్తుల అంకెల్లో, 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్, చూపించే ప్రోగ్రాములో. 00 00 01 బీ3 అని ఉంది కదా, ఎమ్‌పెగ్-2, అంటే డీవీడీ వీడియోని కుదించే పద్ధతి, దాని హెడర్, అంటే వీడియో వివరాలు చెప్పే ముందుభాగం, అక్కడ మొదలవుతుంది. దాని పక్కన 2డీ 02 40. ఇదేమిటి? 2డీ0 అంటే 720, 240 అంటే 576. వెడల్పు, ఎత్తు. దాని తర్వాత 33 ఉంది. అందులో రెండో 3 అంటే సెకనుకి 25 ఫ్రేములు. మొదటి 3 మన ఫ్లాగ్. 3 అంటే 16:9. అక్కడ 2 ఉంటే 4:3. చూశారా? ఒక్క అంకె. పాప మొహం పాప మొహంలా ఉండాలా వద్దా అన్నది ఆ ఒక్క అంకెలో ఉంది.

రెండోది ఐఎఫ్ఓ ఫైల్లో, అంటే ప్లేయరుకి డిస్కు వివరాలు చెప్పే ఫైల్లో ఉంటుంది. వీడియో టీఎస్ ఫోల్డరు తెరిస్తే వీటీఎస్ 01 0 పేరుతో ఐఎఫ్ఓ ఫైలు, దాని నకలు బీయూపీ ఫైలు కనబడతాయి. మీ టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయరు ఏది చూస్తుంది? ఐఎఫ్ఓనే చూస్తుంది. లోపల ఏమున్నా దానికి అనవసరం. కంప్యూటర్లో మనమేం చేస్తాం? వీఓబీ ఫైలు మీద రెండుసార్లు నొక్కి నేరుగా తెరుస్తాం. అప్పుడు ప్రోగ్రాము ఎమ్‌పెగ్ హెడర్‌లో ఉన్నది చూస్తుంది. ఆ రెండూ వేరు వేరుగా ఉంటే ఏమవుతుంది? కంప్యూటర్లో బాగుంటుంది, టీవీలో సాగిపోతుంది. నాకు జరిగింది అక్షరాలా ఇదే. లోపల 16:9 అని ఉంది, బయట 4:3 అని ఉంది. "కంప్యూటర్లో బాగానే ఉందే, మీ టీవీలోనే ఏదో తేడా" అని ఎవరైనా అంటే వెంటనే ఇది గుర్తు తెచ్చుకోండి.

మరి ఈ ఫ్లాగ్ ఎక్కడ తప్పిపోతుంది? చాలా చోట్ల. మొదట కెమెరా. టేపు కెమెరాల్లో వైడ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. కొన్ని సెన్సర్ వెడల్పంతా వాడి నిజమైన 16:9 తీస్తాయి. కొన్ని 4:3 సెన్సర్ పైనా కిందా కోసి, మిగిలినదాన్ని ఫ్రేముకి సరిపడా సాగదీస్తాయి. మరికొన్ని సినిమా మోడ్ అని పేరు పెట్టి, 4:3 బొమ్మ మీదే నల్ల పట్టీలు వేసేస్తాయి. ఈ మూడోది వైడ్‌స్క్రీన్ కానే కాదు. దాన్ని 16:9 అని గుర్తు పెట్టి డిస్క్ చేస్తే అందరూ పొట్టిగా, లావుగా కనబడతారు. మీ పాత టేపు ఏ రకమో ముందు తెలుసుకోండి. పట్టీలు బొమ్మలోనే ఉన్నాయా లేదా, అదొక్కటి చూస్తే చాలు.

తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు. డీవీ టేపులో వైడ్ అన్న గుర్తు ఉంటుంది, కానీ కొన్ని క్యాప్చర్ ప్రోగ్రాములు దాన్ని ఫైల్లోకి తీసుకురావు. ఎడిటింగ్‌లో అయితే ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే 16:9 ఎంచుకోవాలి. 4:3 ప్రాజెక్టులో వైడ్ క్లిప్పులు వేసి, చివర్లో మారుద్దాంలే అనుకోకండి. చివరికొచ్చేసరికి ఆ ప్రోగ్రాము బొమ్మకి పట్టీలు వేసేసి ఉంటుంది, లేదా నొక్కేసి ఉంటుంది. ఎన్‌కోడ్ చేసేటప్పుడు ఒకసారి 16:9 అని చెప్పాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఎన్‌కోడింగ్ ప్రోగ్రాము వాడేవాళ్లు పాల్ డీవీడీ టార్గెట్‌తో పాటు యాస్పెక్ట్, అంటే బొమ్మ ఆకారం, 16:9 అని కూడా రాయాలి. డిస్క్ తయారుచేసే ప్రోగ్రాములో, అది డీవీడీ స్టైలర్ కానీ ఇంకోటి కానీ, మళ్లీ చెప్పాలి. ఒక చోట చెప్పాం కదా, మిగతావి అవే తెలుసుకుంటాయి అనుకోవద్దు. చెప్పని చోట చాలా ప్రోగ్రాములు 4:3 అనే అనుకుంటాయి.

ఇక డిస్క్ బయటికొచ్చాక ప్లేయరు, టీవీ. ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ రకం అని ఉంటుంది. 16:9, 4:3 లెటర్‌బాక్స్, 4:3 పాన్ స్కాన్ అని మూడు. లెటర్‌బాక్స్ అంటే పైనా కిందా నలుపు పెట్టడం, పాన్ స్కాన్ అంటే పక్కలు కోసేయడం. ఎంతోమంది కొత్త టీవీ కొంటారు, ప్లేయరు మాత్రం పాతదే ఉంచుతారు, సెట్టింగు 4:3 లెటర్‌బాక్స్ మీదే ఉండిపోతుంది. అప్పుడు ఆ ప్లేయరు మంచి 16:9 డిస్కుని కూడా తీసుకుని, 576 వరసల బొమ్మని 432 వరసల్లోకి కుదించి, పైనా కిందా నలుపు పెట్టి పంపుతుంది. నాలుగో వంతు వరసలు అక్కడే పోయాయి. టీవీ దాన్ని 4:3 అనుకుని పక్కల్లో నలుపు పెడుతుంది. అదిగో, నాలుగు పక్కలా నలుపు. డిస్కులో ఏ తప్పూ లేదు!

ఇన్ని చోట్ల తప్పు జరగొచ్చంటే మరి ఎక్కడ జరిగిందో ఎలా పట్టుకోవాలి? ఇక్కడే బంతి పనికొస్తుంది. వీడియోలో గుండ్రంగా ఉన్నది ఏదైనా పర్వాలేదు, గోడ గడియారం, సైకిల్ చక్రం, కానీ కెమెరాకి ఎదురుగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే పనికిరాదు. వీడియో ఆపి, తెర మీద స్కేలు పెట్టి కొలవండి. మొహాలు చూసి అంచనా వేయొద్దు. సాగిన బొమ్మకి కన్ను రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. స్కేలుకి అలవాటుండదు.

ఎత్తు 12 సెంటీమీటర్లు, వెడల్పు 9 వచ్చిందనుకోండి. ముప్పావు వంతు. అంటే 16:9 బొమ్మని ఎవరో 4:3గా చూపిస్తున్నారు. ఎత్తు 12, వెడల్పు 16 వచ్చిందా? అది తిరగేసిన తప్పు, 4:3 బొమ్మని 16:9కి సాగదీశారు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 9 కానీ, 16 కానీ. మధ్యలో 11.8 లాంటిది వస్తే కంగారుపడకండి. 720 చుక్కలని లెక్కలోకి తీసుకునేవాళ్లున్నారు, 704ని తీసుకునేవాళ్లున్నారు. ఆ తేడా రెండు శాతం చిల్లర. దాని కోసం ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

గుండ్రంగానే ఉంది కానీ నాలుగు పక్కలా నలుపు ఉంటే? రెండు కారణాలు ఉండొచ్చు. పట్టీలు బొమ్మలోనే అచ్చయ్యాయి, నా రెండో డిస్కులో లాగా. లేదా ప్లేయర్ సెట్టింగు తప్పు. ఏదో ఎలా తెలుస్తుంది? కొన్న సినిమా డిస్క్, పెట్టె వెనక 16:9 అని రాసి ఉన్నది, అదే ప్లేయర్లో పెట్టండి. దానికీ నాలుగు పక్కలా నలుపు వస్తే ప్లేయర్ సెట్టింగు. అది మామూలుగా వచ్చి మీదొక్కటే అలా ఉంటే మీ డిస్క్. ఎప్పుడూ ఈ పద్ధతే. ముందు టీవీ, తర్వాత ప్లేయరు, చివరికి డిస్క్. మొదటి రెండూ చూడటానికి రెండు నిమిషాలు చాలు. మనమేమో ముందు రాత్రంతా ఎన్‌కోడింగ్‌కి కూర్చుంటాం.

గుండ్రంగా ఉంది, నలుపు కూడా లేదు, కానీ తలలు తెగిపోతున్నాయా? టీవీ జూమ్‌లో ఉంది. పాత 4:3 టీవీలో పక్కవాళ్లు తెగిపోతుంటే ప్లేయరు పాన్ స్కాన్‌లో ఉంది.

ఒక పెద్దాయన నన్ను అడిగారు, "రిమోట్‌లో వైడ్ బటన్ నొక్కితే సరిపోతోంది కదా, ఇదంతా దేనికి?" అని. న్యాయమైన ప్రశ్న. ఆ టీవీలో సరిపోతుందండీ. కానీ డిస్క్ పెట్టిన ప్రతిసారీ నొక్కాలి, తీశాక మళ్లీ వెనక్కి మార్చాలి. పైగా హెచ్‌డీఎంఐ కేబులు పెట్టుకున్నవాళ్లకి ఇంకో చిక్కు. కొన్ని ప్లేయర్లు 4:3 అని రాసిన బొమ్మని పక్కల్లో నలుపు పెట్టి పూర్తి వెడల్పు బొమ్మగా మార్చి పంపేస్తాయి. అప్పుడు టీవీకి చేరింది 16:9 బొమ్మే. ఇక రిమోట్‌తో ఏం సాగదీస్తారు? మీ దగ్గర నుంచి డిస్క్ తీసుకెళ్లిన చుట్టాలకి ఏ బటన్ నొక్కాలో ఎవరు చెప్తారు? ఒక చోట తప్పుని ఇంకో చోట కప్పిపెడితే అది ఆ ఇంటికే పరిమితం. తప్పు పుట్టిన చోటే దిద్దాలి.

దిద్దడం ఎలా? ఫ్లాగ్ మాత్రమే తప్పైతే మళ్లీ ఎన్‌కోడ్ చేయొద్దు. దయచేసి చేయొద్దు. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది, తిరిగి రాదు. డిస్కులోని వీడియో టీఎస్ ఫోల్డరు మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. ఇఫోఎడిట్ అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉంది. పాతది, చిన్నది, చూడటానికి బెదురుగా ఉంటుంది కానీ పని చేస్తుంది. అందులో వీటీఎస్ ఐఎఫ్ఓ ఫైలు తెరిచి, వీడియో లక్షణాలు ఉన్న వరస మీద రెండుసార్లు నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అక్కడ 4:3ని 16:9గా మార్చండి. కింద ఆటోమేటిక్ లెటర్‌బాక్స్ అన్నది ఎంచుకోండి. అది పాత 4:3 టీవీలున్న ఇళ్ల కోసం. ఆ టీవీకి ప్లేయరే పట్టీలు పెట్టుకుని చూపిస్తుంది, మనం బొమ్మలో అచ్చువేయక్కర్లేదు. సేవ్ చేసేటప్పుడు బీయూపీ ఫైలు కూడా మార్చాలి. ఐఎఫ్ఓ చదవలేకపోతే ప్లేయరు బీయూపీనే చూస్తుంది, అందులో పాత మాట ఉండిపోతే మళ్లీ మొదటికొస్తుంది. లోపలి ఎమ్‌పెగ్ ఫ్లాగ్ తప్పైతే డీవీడీ ప్యాచర్ అని ఇంకోటి ఉంది, ఆ 2ని 3 చేస్తుంది.

తర్వాత ఇమ్జ్‌బర్న్ అనే ప్రోగ్రాముతో డిస్కు మీద రాసేయండి. మొదటిసారి తిరగరాసుకునే డిస్కు మీద, అంటే డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాసి, టీవీలో కొలిచి, సరిపోయాకే మామూలు డిస్కు మీద రాయండి. చివర్లో ఫైనలైజ్ చేయడం, అంటే రాయడం అయిపోయిందని డిస్కుని మూసేయడం మర్చిపోవద్దు.

పట్టీలు బొమ్మలోనే అచ్చయిపోయి, అసలు టేపు లేకపోతే మాత్రం ఎన్‌కోడ్ తప్పదు. పైన 72, కింద 72 వరసలు కోసి, మిగిలిన 432 వరసలని 576కి పెంచి, 16:9 అని గుర్తు పెట్టాలి. తెర నిండుతుంది. పోయిన వరసలు మాత్రం రావు, బొమ్మ కొంచెం మెత్తగానే ఉంటుంది.

పాత 4:3 టేపులూ కొత్త వైడ్ వీడియోలూ ఒకే డిస్కులో పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. పెట్టొచ్చు. కానీ ఒక టైటిల్ సెట్టుకి, అంటే డిస్కులో ఒక గుంపుగా ఉండే వీడియోలకి, ఒకే యాస్పెక్ట్ ఉంటుంది. అందుకని 4:3వి ఒక టైటిల్ సెట్టులో, 16:9వి వేరే టైటిల్ సెట్టులో పెట్టాలి. అన్నీ ఒకదాంట్లో కలిపేస్తే సగం వీడియోలు తప్పకుండా తప్పుగా వస్తాయి. పాతవాటిని వెడల్పు తెరకి సరిపోవాలని సాగదీయొద్దు. పక్కల్లో నలుపు ఉంటే ఉండనివ్వండి. 4:3లో తీసిన తాతగారు 4:3లోనే ఉంటారు.

ఫోన్లో నిలువుగా తీసిన వీడియోల గురించి ఇందాక ఒకమ్మాయి అడిగింది. అవి 16:9 డీవీడీలో పెట్టాలంటే ఎత్తు 576 మొత్తం తీసుకుంటాయి. వెడల్పు ఎంత? లెక్క వేస్తే 228 చుక్కలు. 720లో 228. ఫ్రేములో చూస్తే కర్రపుల్లలా కనబడుతుంది, ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది. తప్పు కాదు, టీవీ సాగదీశాక సరిగ్గా నిలువు ఫోను ఆకారమే వస్తుంది.

కదిలే బొమ్మలు దడదడలాడితే మాత్రం దానికీ ఆకారానికీ సంబంధం లేదు. అది ఫీల్డ్ ఆర్డర్, అంటే ఫ్రేములోని సరి వరసలు, బేసి వరసల్లో ఏవి ముందు చూపించాలన్న లెక్క. డీవీ టేపు కింది ఫీల్డ్ ముందు, హెచ్‌డీ టేపు, అంటే హెచ్‌డీవీ, పై ఫీల్డ్ ముందు. ఎన్‌కోడర్లో అదే చెప్పాలి. దాని గురించి విడిగా కూర్చుందాం.

సరే, ఇప్పుడు ఇవి చూడండి. నా చేతిలో ఉన్నది అక్క దాచిన మొదటి డిస్క్, ఏ మార్పూ చేయనిది. ఇది దాన్నే కాపీ చేసి, ఐఎఫ్ఓలో ఆ ఒక్క మాట మార్చి రాసింది. వీడియో ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు. ముందు పాతది పెడతాను. అదిగో పాప, అదిగో బంతి. ఇక్కడ ఆపుతున్నాను. ఎవరైనా ఒకరు స్కేలు పట్టుకుని రండి. మీరు రండమ్మా. ముందు ఎత్తు కొలవండి. పన్నెండు. వెడల్పు? తొమ్మిది. వినబడిందా అందరికీ? తొమ్మిది. ఇప్పుడు రెండో డిస్క్. ప్లేయర్ సెట్టింగు మార్చలేదు, రిమోట్ ముట్టుకోలేదు, చూస్తున్నారు కదా. అదే చోట ఆపాను. కొలవండమ్మా. ఎత్తు పన్నెండు. వెడల్పు, తొందర లేదు, స్కేలు అడ్డంగా, తిన్నగా పెట్టి చూడండి.

పన్నెండు.